కారు ఎక్కడ కారుతోంది?

మా అపార్ట్‌మెంటు సెల్లార్లో నా కారు కింద ఒక అట్ట పరిచి ఉంటుంది. ఫ్రిజ్జు కొన్నప్పుడు వచ్చిన పెట్టెని విప్పదీసి పరిచిందే. దాని మీద మా నాన్న బాల్‌పెన్నుతో తేదీ వేసి, రాత్రికి ఎన్ని ఆయిల్ బొట్లు పడితే అన్నిటి చుట్టూ సున్నాలు చుట్టి పెడతాడు. ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పిన మాస్టారు, చేతిలో పెన్నుంటే ఊరుకోడు. జనవరిలో తేదీకి ఏడెనిమిది సున్నాలు ఉండేవి, ఇప్పుడు రెండు. ఏడు నుంచి రెండుకి రావడానికి నాకు నాలుగు నెలలు, పద్నాలుగు వేల చిల్లర, అసోసియేషన్ ప్రెసిడెంటు గారితో ఒక మాటపట్టింపు అయ్యాయి. ఇందులో నిజంగా అవసరమైన ఖర్చు ఎంతయ్యా అంటే ముప్పై రూపాయలు. మిగతాదంతా వృథా, అందులో మెకానిక్కు తప్పు కొంత, నా తప్పు చాలా.

బండి 1997 మోడల్ మారుతీ 800. కార్బురేటర్ బండి, నాలుగు గేర్లు, మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను. నాన్న కొన్నాడు, నేను దాని మీదే డ్రైవింగ్ నేర్చుకున్నా, మా చెల్లి అత్తారింటికి వెళ్ళింది కూడా అందులోనే. అమ్మెయ్యమని అందరూ చెప్తారు, అమ్మితే వచ్చేది ఒక మంచి ఫోను డబ్బులు. పైగా దీనికి పార్టుల బాధ లేదు, 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయినా అదే 796 ఇంజనుతో ఓమ్నీ 2019 దాకా వచ్చింది కాబట్టి విజయవాడ ఆటోనగర్లో ఏ కొట్టుకెళ్ళి అడిగినా "ఎయిట్ హండ్రెడా, కూర్చోండి సార్" అంటారు. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి కదా, 2022లో అయింది, మళ్ళీ 2027లో. అప్పటిదాకా చూద్దాం అనుకున్నాం.

ఈలోగా పొగ మొదలైంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే సెల్లారంతా నీలంగా అయ్యేది, సిగ్నల్ దగ్గర వెనకున్న బైకువాళ్ళు ముక్కు మూసుకుని నా వైపు చూసే చూపు భరించలేకపోయా. నీలం పొగంటే ఇంజను ఆయిల్ తాగుతున్నట్టే, వెయ్యి కిలోమీటర్లకి లీటరు దాకా పోసేవాణ్ణి. ఇంక తప్పక ఇంజను దించాం. బోరింగు చేయించి 0.50 ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు, క్రాంకు గ్రైండింగు, కొత్త బేరింగులు, హెడ్డు (ఇంజను పై భాగం) ఫేసింగు, వాల్వులు ల్యాపింగు, వాల్వ్ సీల్సు, అతుకుల మధ్య వేసే ప్యాకింగుల ఫుల్ సెట్టు, అన్నీ. లేతు పనితో కలిపి నలభై వేల దాకా అయింది. పని మాత్రం బాగా చేశాడు, అది ఒప్పుకోవాలి. శబ్దం కుట్టుమిషను లాగా ఉంది, పొగ లేదు, బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే పక్క సీట్లోంచి నాన్న "మూడో గేర్లో ఎక్కేస్తోందిరా" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

మూడో రోజు పొద్దున సెల్లార్లో టైలు మీద బొట్లు. తేనె రంగులో, శుభ్రంగా, కొత్త ఆయిలు.

ఇక్కణ్ణించి జరిగింది ఇంజను పని చేయించుకున్న చాలామందికి తెలిసిందే. మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళా, బానెట్ ఎత్తాడు, చెయ్యి పెట్టి తడిమాడు, "టాపెట్ కవర్ సార్, ప్యాకింగ్ కుదురుకోలేదు" అన్నాడు, అంటే ఇంజను పైమూత. విప్పి, ఈ చివరా ఆ చివరా కాస్త అనాబాండ్ (సందులు మూసే జిగురు) పూసి బిగించాడు, డబ్బులు తీసుకోలేదు. వారం తర్వాత మళ్ళీ బొట్లు. ఈసారి కిందకి దూరి చూసి "ఛాంబర్ ప్యాకింగ్" అన్నాడు, అంటే ఇంజను అడుగున ఆయిల్ నిలవుండే రేకు తొట్టి. నింపి రెండు వారాలు కాని ఆయిల్ వంపేసి, ఛాంబర్ దించి, ప్యాకింగ్ మార్చి, దాని మీద కూడా రెండు వైపులా అనాబాండ్. ఈసారి ఆయిల్‌తో కలిపి రెండు వేల నాలుగొందలు. పది రోజులు అనుమానంగా గడిచాయి, అట్ట మీద బొట్లు తగ్గినట్టే తగ్గి (తగ్గలేదు, ఆ పది రోజులూ నేను బండి పెద్దగా తియ్యలేదు అంతే) మళ్ళీ ఏడుకొచ్చాయి.

మూడోసారి అందరూ భయపడే మాట వచ్చింది. "వెనక సీలు సార్."

వెనక సీలంటే క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) చివర, ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య ఉండే ఆయిల్ సీలు. సీలు ఖరీదు మూణ్ణాలుగొందలు, కానీ దాని దాకా వెళ్ళాలంటే గేర్‌బాక్సు దింపాలి, క్లచ్చు విప్పాలి, ఫ్లైవీల్ తియ్యాలి. మెకానిక్కు చెప్పింది నమ్మేట్టే ఉంది, ఎందుకంటే తడి సరిగ్గా ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే అతుకు దగ్గరే ఉంది, బొట్టు పడేది కూడా అక్కడ క్లచ్చుని కప్పి ఉండే గంట ఆకారపు భాగం అడుగునుంచే. నేనూ కింద పడుకుని టార్చి వేసి చూశా, నాకూ అలాగే కనిపించింది. సరే దించండి అన్నా. దించారు. దించాక "ఎలాగూ విప్పాం కదా సార్, క్లచ్ ప్లేటు కూడా వేసేద్దాం" అన్నాడు, ఆ మాటకి అడ్డుపడే ధైర్యం ఏ బండి ఓనరుకీ ఉండదు. గేర్ ఆయిలు, క్లచ్ సెట్టు, లేబరు, అన్నీ కలిపి పదివేలకి కొంచెం తక్కువ.

మర్నాడు అట్ట మీద తొమ్మిది బొట్లు.

నేను మెకానిక్కుని తిట్టలేదు. తిట్టాలనే వెళ్ళా, కానీ దారిలో నాకే ఒక లెక్క తగిలింది. మూడుసార్లు వెళ్ళా, మూడుసార్లు కలిపి ఆ బండిలో ఆయిల్ ఎక్కణ్ణించి వస్తోందో చూడ్డానికి ఆయన పెట్టిన టైము పదిహేను నిమిషాలు దాటదు. విప్పి బిగించడానికి పట్టిన టైము మూడు రోజులు. నేను డబ్బులిచ్చింది కూడా ఆ మూడు రోజులకే. పదిహేను నిమిషాలకి ఒక్క రూపాయి ఇవ్వలేదు, ఆయన అడగనూ లేదు, అడిగితే నేను ఇచ్చేవాణ్ణా అంటే, నిజంగా ఆలోచిస్తే, ఇచ్చేవాణ్ణి కాదు. "చూసినందుకు వెయ్యా? ఏం చేశావని?" అనేవాణ్ణి. బిల్లులో ప్యాకింగ్ కనపడాలి, సీలు కనపడాలి, పాత పార్టు సంచిలో వేసి చేతికివ్వాలి, అప్పుడే మనకి పని జరిగినట్టు. పల్లెటూళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికెళ్ళి ఆయన నాడి చూసి "ఏం లేదు, మంచినీళ్ళు తాగి పడుకో" అంటే ఆయన చేతివాసి మంచిది కాదంటాం, సూది వేస్తే మంచిదంటాం, సెలైన్ ఎక్కిస్తే ఇంకా మంచిదంటాం. సూది వెయ్యడం మనమే నేర్పాం ఆయనకి. ఇదీ అంతే. మెకానిక్కుకి విప్పడం మనమే నేర్పాం.

ఇంకో తమాషా ఉంది. ఇప్పటి బళ్ళకి చెక్ లైటు వెలిగితే స్కానర్ పెట్టి చూస్తారు, దానికి చార్జీ ఉంటుంది, మూడొందలో ఐదొందలో నోరెత్తకుండా ఇస్తాం. అది కూడా చూడ్డమే! మిషను పెట్టి చూస్తే ఇస్తాం, మనిషి కళ్ళు పెట్టి చూస్తే ఇవ్వం. ఆయిల్ లీకుకి స్కానర్ లేదు, నా 1997 బండికైతే దేనికీ లేదు. కింద పడుకోవాలి, తుడవాలి, మళ్ళీ చూడాలి, వేడెక్కించాలి, మళ్ళీ చూడాలి. పూట పడుతుంది, రెండు పూటలు పట్టచ్చు. ఆటోనగర్లో షెడ్డు అద్దె కట్టుకుంటూ, ఇద్దరు కుర్రాళ్ళకి వారం వారం జీతాలిచ్చే మనిషి ఊరికే ఒక పూట ఎందుకు పడుకుంటాడు నా బండి కింద? విప్పితే డబ్బులు వస్తాయి, వెతికితే రావు. అక్కడికీ ఆయన మోసం చెయ్యలేదు, తనకి తోచిన చోట విప్పాడు, ఆ తోచడం తప్పయింది అంతే.

అందుకని ఈసారి నేనే వెతుకుదామని పెట్టుకున్నా. ఆదివారాలు ఉన్నాయి, నాన్న ఉన్నాడు, కాలక్షేపం.

ఆయిలు నడక కొంచెం తెలిస్తే సగం వెతుకులాట తగ్గుతుంది, నాకు తెలీక మొదటి ఆదివారం మొత్తం తగలేశా. బొట్టు పడే చోటు లీకు ఉన్న చోటు కాదు. వాన పడ్డప్పుడు డాబా ఇంట్లో నీళ్ళు కారేది ఫ్యాను కొక్కెం దగ్గరైతే పగులు ఫ్యాను మీదే ఉండాలని లేదు కదా, ఎక్కడో పిట్టగోడ మూల దిగి, శ్లాబులో ఇనుము పట్టుకుని నడుచుకుంటూ వచ్చి అక్కడ కారుతుంది. ఆయిలూ అంతే, అంచు పట్టుకుని, బోల్టు పట్టుకుని, వైరు పట్టుకుని నడుస్తుంది, ఎక్కడ ఇంక పట్టుకోడానికి ఏం లేదో అక్కడ బొట్టవుతుంది. పైగా బండి కదిలేటప్పుడు గాలి, రేడియేటర్ ఫ్యాను గాలి, రెండూ దాన్ని వెనక్కి కొడతాయి. కాబట్టి అన్నిటికన్నా పైనున్న తడి ఎక్కడుందో చూడాలి, కిందది ఎంత తడిగా ఉన్నా పట్టించుకోకూడదు. మేం చివరి రెండుసార్లూ కింది నుంచే మొదలెట్టాం.

ఇంకోటి, ఇంజన్లో ఆయిలు అన్నిచోట్లా ఒకలా ఉండదు. ఆయిల్ పంపు తోసే దారుల్లో ప్రెషర్ ఉంటుంది, అక్కడ (ప్రెషర్ స్విచ్చు, ఫిల్టరు లాంటి చోట్ల) లీకైతే చిమ్ముతుంది, చుట్టుపక్కలంతా తుంపర్లు పడతాయి, ఇంజను ఆపగానే ఆగిపోతుంది. టాపెట్ కవర్ కింద, ఛాంబర్లో ప్రెషర్ ఉండదు, అక్కడ చెమరుస్తుంది, మెల్లగా పాకుతుంది, ఇంజను ఆపాక కూడా కాసేపు కారుతూనే ఉంటుంది. నాది ఆపాకే ఎక్కువ పడేది, పైగా దూరం వెళ్ళొచ్చిన రోజు ఎక్కువ, పాలప్యాకెట్టుకి వెళ్ళొచ్చిన రోజు తక్కువ, ఎందుకంటే వేడెక్కితే ఆయిల్ నీళ్ళలా పల్చబడి సందు దొరికితే చాలు దూరుతుంది. అంటే ప్రెషర్ ఉన్న చోటు కాదు. ఈ ముక్క ఒక్కటి మొదట్లో ఆలోచించుకుని ఉంటే సగం అనుమానాలు తీరిపోయేవి.

కొత్తగా ఇంజను కట్టినప్పుడు అడగాల్సిన ఇంకో ప్రశ్న కూడా ఉంది. అసలు సీళ్ళదా తప్పు, లోపలి గాలిదా? రింగులు ఇంకా సిలిండర్‌కి కుదురుకోకపోతే మండిన గ్యాసు పిస్టన్ పక్కనుంచి కిందకి దిగి ఇంజను పొట్టలో ప్రెషర్ పెంచుతుంది. అది బయటికి పోడానికి బ్రీదర్ పైపు ఉంటుంది, పైపు మూసుకుపోయినా నలిగిపోయినా ఆ గాలి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కణ్ణించి ఆయిల్‌ని నెట్టుకుంటూ వస్తుంది. అప్పుడు ఎన్ని సీళ్ళు మార్చినా దండగే, ఇవాళ ఇక్కడ ఆపితే రేపు అక్కడ. చూడ్డం తేలిక, ఇంజను ఐడిల్లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, మూతి మీద అరచెయ్యి ఆనీ ఆననట్టు పెట్టాలి. కుక్కర్ విజిల్ ముందు వచ్చినట్టు బుస్సు బుస్సుమంటే అనుమానించాలి. నాది కొంచెం ఊపిరి తప్ప ఏం లేదు, బ్రీదర్ పైపు తీసి ఊదితే సాఫీగా పోయింది. ఆ అనుమానం తీరిపోయింది.

మొదటి ఆదివారం నా ఘనకార్యం ఏంటంటే, ఏదీ తుడవకుండానే బానెట్ ఎత్తి చూసి, ప్రెషర్ స్విచ్చు చుట్టూ తడిగా ఉందని దాన్ని మార్చేశా. ఆ తడి రెండు రోజుల కిందట ఆయిల్ పోసేటప్పుడు నేనే ఒలకబోసింది. ప్రెషర్ ఉన్న చోటు కాదని పైన అంత గొప్పగా చెప్పా కదా, అది తెలిసింది ఈ స్విచ్చు మార్చాకే. నాన్న ఏమీ అనలేదు, అట్ట మీద ఆ తేదీ పక్కన "స్విచ్ - ఫలితం లేదు" అని రాశాడు.

రెండో ఆదివారం బుద్ధిగా కడిగా. కిరసనాయిలు ఇప్పుడెక్కడ దొరుకుతుంది, లీటరు డీజిలు తెచ్చి, పాత పెయింటు బ్రష్షుతో ఇంజను గేర్‌బాక్సు వైపంతా పైనుంచి కిందకి రుద్ది, స్పార్కు ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కీ వైర్లకీ తగలకుండా కవర్లు చుట్టి, బనియన్ వేస్టుతో తుడిచి, తర్వాత సబ్బునీళ్ళు, తర్వాత ఎండలో రెండు గంటలు. ఇది మొత్తం పనిలో విసుగు పుట్టించే భాగం, అసలు పని కూడా ఇదే. జిడ్డు మీద జిడ్డు వెతకలేం. ఆరాక పౌడరు చల్లాలి, పౌడరు తెల్లగా పొడిగా అంటుకుంటే ఆయిల్ వచ్చిన దారి దాని మీద గోధుమరంగు గీతలా కనిపిస్తుంది. మా ఆవిడ ముగ్గుపిండి ఉందిగా అంది, ముగ్గుపిండి రాతిపిండి అండి, గరుకు, సీళ్ళ దగ్గరా బెల్టు దగ్గరా పడితే కొత్త రోగం. పిల్లల టాల్కం పౌడరే వాడా. సెల్లారంతా బాలింత గది వాసన.

గన్నవరం దాకా వెళ్ళొచ్చా, వేడెక్కాలని. వచ్చి చూస్తే ఛాంబర్ అంచు మీద పౌడరు చెక్కుచెదరలేదు, టాపెట్ కవర్ అంచు తెల్లగానే ఉంది. గేర్‌బాక్సు వైపు మాత్రం హెడ్డు చివర నుంచి కిందకి ఒక గీత, చెంప మీద కన్నీళ్ళ చారలాగా, నిలువునా దిగి సరిగ్గా ఆ అతుకు మీద పడి, అక్కణ్ణించి గంట చుట్టూ తిరిగి అడుక్కి. పైన అది ఎక్కడ మొదలైందో మాత్రం తెలీలేదు, ఎందుకంటే అక్కడ వైర్లూ పైపులూ అడ్డం, పౌడరు కూడా సరిగ్గా పడలేదు. కానీ ఒకటి తేలిపోయింది, ఇది వెనక సీలు కాదు. వెనక సీలు ఆయిలు లోపలే పుట్టి కిందకే పోతుంది, ఎగిరొచ్చి హెడ్డు మీద గీత గియ్యదు. గేర్‌బాక్సు ఊరికే దించామన్నమాట. సెల్లార్లో ఒక్కణ్ణే కాసేపు కూర్చుండిపోయా.

మూడో ఆదివారానికి లైటు. యూవీ లైటు కింద మెరిసే రంగు ఒకటి అమ్ముతారు, ఏసీ గ్యాసు లీకు పట్టుకోడానికి వాడేలాంటిదే, ఇంజను ఆయిల్‌కి వేరే రకం, ఆన్‌లైన్లో తెప్పించా. లైటు కొనాల్సిన పనిలేదు, 2016 నోట్ల రద్దు తర్వాత కొత్త నోట్లు చూసుకోడానికి ప్రతి కొట్టువాడూ ఒక నీలం లైటు పెట్టుకున్నాడు కదా, వన్‌టౌన్లో బట్టల కొట్టున్న నా ఫ్రెండుది టార్చి లాంటిది ఒకటి అరువు తెచ్చా. ఆయిల్లో రంగు పోసి, మళ్ళీ తుడిచి, మళ్ళీ గన్నవరం. రాత్రి ఎనిమిదింటికి సెల్లార్లో లైట్లు ఆపించి (వాచ్‌మన్ ఏదో పూజ అనుకున్నాడట, తర్వాత చెప్పాడు) బానెట్ ఎత్తి ఆ లైటు వేస్తే, అబ్బ, ఇంజను మీద లేత ఆకుపచ్చ దారి. దాన్ని పట్టుకుని పైకి పైకి పోతే డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఆగింది. దాని పైన అంతా చీకటి.

ఈ ఇంజన్లో డిస్ట్రిబ్యూటర్ హెడ్డు చివర, గేర్‌బాక్సు వైపు ఉంటుంది, వాల్వుల్ని నడిపే క్యామ్‌షాఫ్టు తిప్పితే తిరుగుతుంది. అది హెడ్డు వైపు దూరే చోట ఒక రబ్బరు ఓ-రింగు. హెడ్డు ఫేసింగుకి వెళ్ళినప్పుడు డిస్ట్రిబ్యూటర్ పక్కన తీసి పెట్టారు, తిరిగి పెట్టేటప్పుడు అదే పాత రింగుతో పెట్టేశారు. బయటికి తీసి చూస్తే ఆ రింగు గుండ్రంగా లేదు, ఒత్తిడికి చదునుగా అణిగిపోయి, గోరుతో నొక్కితే బండబారిన పాత చెప్పు అట్టలా ఉంది. ఇన్నేళ్ళు పాత చోటే పాత ఒత్తిడిలో కూర్చున్నంతసేపు ఎలాగో ఆపింది, ఒకసారి కదిపి మళ్ళీ పెట్టేసరికి ఇంక కుదరలేదు. ఇంజను మొత్తానికి కొత్త పార్టులు వేసి నలభై వేలు పెట్టి, పక్కకి తీసి పెట్టిన వస్తువుకున్న రబ్బరు మర్చిపోయారు. పై హెడ్డు చివర లీకు కిందకి దిగి వెనక సీలు లీకులా కనిపించడం మారుతీ ఇంజన్లకి కొత్తేం కాదు, మారుతీ జిప్సీ జీపులున్నవాళ్ళని అడిగినా చెప్తారు.

రింగు కొని మెకానిక్కు దగ్గరికే వెళ్ళా. ఫోన్లో ఆకుపచ్చ ఫొటోలు చూపించా. ఆయన కాసేపు చూసి, ఒక్క మాట అన్నాడు, "నేను దాని పైన చెయ్యి పెట్టి చూళ్ళేదు సార్". టైమింగ్ మారకుండా గుర్తు గీసుకుని, తీసి, రింగుకి కాస్త ఆయిల్ రాసి, పెట్టి ఇరవై నిమిషాల్లో బిగించేశాడు. డబ్బులు వద్దన్నాడు, గేర్‌బాక్సు లేబరు సగం వెనక్కిస్తానన్నాడు కూడా. నేను తీసుకోలేదు. గొప్ప కోసం కాదు, దించమని సరే అన్నది నేనే కదా, పదిహేను నిమిషాల చూపుకి పదివేల పని ఒప్పుకున్నది నేను.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఏడు బొట్లు రెండుకొచ్చాయి, సున్నాకి రాలేదు.

మళ్ళీ పౌడరు, మళ్ళీ లైటు. పైనంతా పొడి. తడి ఇప్పుడు గంట అడుగున, లోపల్నుంచి. మొదట గేర్ ఆయిలేమో అనుకున్నా, గేర్‌బాక్సు సీలు లీకైనా అక్కడే పడుతుంది. కానీ గేర్ ఆయిల్‌కి గంధకం కంపు ఉంటుంది, ఒకసారి పీలిస్తే మర్చిపోరు, దీనికి అది లేదు, పైగా లైటు వేస్తే ఆకుపచ్చగా మెరిసింది, రంగు కలిపింది ఇంజను ఆయిల్లోనే. అంటే వెనక సీలు. ఇప్పుడు నిజంగానే వెనక సీలు! పాత సీలు ఎలా ఉందో ఎవరికీ తెలీదు, బాగానే ఉండి ఉంటుంది, ఇంజను కట్టినప్పుడు కొత్తది వేశారు కదా. దాన్ని పీకి ఇంకోటి కొట్టారు, కొట్టేటప్పుడు పెదవి మడత పడిందో, ఆయిల్ రాయకుండా ఎక్కించారో, లోపలి స్ప్రింగు జారిందో. లేని జబ్బుకి చేసిన ఆపరేషన్లో కొత్త జబ్బు వచ్చింది. ఎలాగూ విప్పాం కదా అని సంబరపడేవాళ్ళకి ఇది చెప్పాలని ఉంటుంది నాకు, విప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి బాగవుతుందని గ్యారంటీ లేదు గానీ ఏదో ఒకటి చెడే అవకాశం మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

ఆ అనాబాండ్ గురించి కూడా ఒక మాట. ప్యాకింగ్ ఉన్న చోట దాన్ని ఇష్టమొచ్చినట్టు పుయ్యడం మనవాళ్ళకి అలవాటు, బయటికి ఊడిపడిన తీగ కనిపిస్తే "గట్టిగా వేశాడు" అని మనకి తృప్తి. బయటికి ఎంత వచ్చిందో లోపలికీ అంతే వెళ్తుంది. ఎండి, ఊడి, ఛాంబర్లో పడి, ఆయిల్ పంపు పీల్చే జాలీకి అడ్డం పడితే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, కొత్త బేరింగులు గోవిందా. బొట్లు పడే ఇంజను పదేళ్ళు నడుస్తుంది, జాలీ మూసుకుపోయిన ఇంజను పది నిమిషాలు నడవదు. టాపెట్ కవర్ నట్లు కూడా అంతే, కారుతోంది కదా అని బలమంతా పెట్టి బిగిస్తే ప్యాకింగ్ నలిగి పక్కకి వస్తుంది, రేకు వంగుతుంది, ఇంకా కారుతుంది.

మరి రెండు బొట్ల సంగతి? నాన్న లెక్క వేశాడు. ఇరవై బొట్లయితే సుమారు ఒక మిల్లీలీటరు, రాత్రికి రెండు బొట్లంటే పదో వంతు, నెలకి మూడు మిల్లీలీటర్లు, దగ్గు మందు చెంచాడు కూడా కాదు. "అట్ట మీద పడేది కాదురా, రోడ్డు మీద పడేది లెక్క" అని మళ్ళీ ఆయనే అన్నాడు, నిజమే, నడుస్తుండగా సెకనుకో బొట్టు పడితే గంటకి నూట ఎనభై మిల్లీలీటర్లు పోతుంది, అట్టకి ఆ సంగతి తెలీదు. అందుకని ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి చూస్తున్నా, వెయ్యి కిలోమీటర్లకి గీత దాదాపు కదల్లేదు. ఈ రెండు బొట్ల కోసం మళ్ళీ గేర్‌బాక్సు దించను. క్లచ్చు ప్లేటుకి ఆయిల్ తగిలి జారడం మొదలెడితే అప్పుడు దించుతా. అసోసియేషన్ ప్రెసిడెంటు గారికి అట్ట చూపించి, టైలు మీద ఒక్క బొట్టు కూడా పడదని మాటిచ్చా, ఆయన అట్ట కొంచెం పెద్దది వేసుకోమన్నారు.

ఈ మాట మెకానిక్కుతోనే తేల్చుకుందామని ఒకరోజు టీ తాగుతూ అడిగా, మీరు చూసినందుకు వేరే చార్జీ పెట్టుకోవచ్చుగా, ఒక పూట వెతకడానికి ఇంత అని, నాలాంటివాడు పదివేలు తగలేసే బదులు సంతోషంగా ఇస్తాడు కదా అని. ఆయన నవ్వాడు. "ఇప్పుడు మీరిస్తారు సార్. మొదటిసారి వచ్చినప్పుడు అడిగితే ఇచ్చేవాళ్ళా? పక్క షెడ్డుకి పోయేవాళ్ళు. అక్కడ వాడు ఫ్రీగా చూసి గేర్‌బాక్సు దించేవాడు." నా దగ్గర జవాబు లేదు. కంపెనీ సర్వీసు సెంటర్లలో మాత్రం ఏం బాగుంది, అక్కడా ఏ పార్టు మారిస్తే ఎంత లేబరో పట్టిక ఉంటుంది, తెలీని లీకుని రెండు గంటలు వెతికే కుర్రాడికి ఆ పట్టికలో చోటెక్కడ? ఒక్క మెకానిక్కు మారితే సరిపోయేది కాదు ఇది, అడిగేవాడూ ఇచ్చేవాడూ ఒకేసారి మారాలి, ఎవరు ముందు మారినా వాడికి నష్టమే. అయినా ఇచ్చేవాడే ముందు మారాలంటాను, నష్టం భరించే స్తోమత కొంచెమైనా ఉన్నది వాడికే కాబట్టి. నేను బండి ఇచ్చేటప్పుడు ఇప్పుడు ముందే చెప్తున్నా, విప్పద్దు, ముందు చూడు, చూసినందుకు ఇస్తా, ఏమీ దొరక్కపోయినా ఇస్తా అని. మా స్కూటర్‌కి ఈ మాట మీదే మొన్న రెండొందలిచ్చా, మెకానిక్కు కుర్రాడు ఇంకా నన్ను వింతగా చూస్తున్నాడు.

పోయిన శుక్రవారం మెకానిక్కు ఫోను. "సార్, మీ దగ్గర ఆ నీలం లైటు ఉందా? ఓమ్నీ ఒకటి వచ్చింది, వెనక సీలంటున్నారు, నేను ఇంకా దించలేదు." లైటు నాది కాదు, వన్‌టౌన్ ఫ్రెండుది, తెచ్చిస్తానన్నా. మిగిలిన రంగు సీసా కూడా ఇస్తానన్నా. ఫోను పెట్టేసే ముందు ఆగలేక అడిగా, చూసినందుకు ఎంత చెప్పావు మరి?

"మూడొందలు చెప్పా సార్. వంద ఇస్తానంటున్నాడు."